కొండగాలి, గుండెలయ

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున నున్న రాతిగుట్టలపైకి గాలి కొరకై మనుష్యులు ఎక్కిన కాలమొకటి కలదు. బంజారాల గుడిసెలు, సీతాఫలపు పొదలు, గండశిలలు తప్ప మరేమియు లేని ఆ మెట్టపై మెహదీ నవాజ్ జంగు అను ఉన్నతోద్యోగి రాళ్ల నడుమ ఇల్లు కట్టుకొన్నాడు. 1933లో హైదరాబాదునకు వచ్చిన రవీంద్రనాథ ఠాకూరు ఆ కొండలపై ఆయన ఆతిథ్యము పొంది, ఆ గుట్టలను గూర్చి ఒక కవితయు వ్రాసినాడు. ఊరి పొగకు, ఇరుకునకు దూరముగా పోవలెనన్నచో బంజారా హిల్స్‌కు పోవలెను. ఆనాటి తలంపు అట్టిది.

తెలుగు చలనచిత్రమును అభిమానించువారికి ఈ కొండతో మరియొక జ్ఞాపకము ముడివడి యున్నది. అక్కినేని నాగేశ్వరరావు 1974లో అమెరికాకు పోయి గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని వచ్చినాడు. ఆ కాలమున అట్టి చికిత్స జరిగిన మనుష్యుడు ఇక పడకకుర్చీకే పరిమితమని లోకము భావించుచుండెను. ఆయన మాత్రము బంజారా హిల్స్‌లో రాళ్లు పగులగొట్టించి 1976 నాటికి అన్నపూర్ణ స్టూడియోను నిలబెట్టినాడు. ఆ పిమ్మట ఆయన 2014 వరకు జీవించినాడు. మరమ్మతు చేసిన గుండెతో కొండపై నలువది ఏండ్ల కాలము పనిచేయవచ్చునని తెలుగువారికి మొట్టమొదట తెలిపినది ఆయనయే యని నా అభిప్రాయము.

ఆ కొండ గాలియే నేడు మరమ్మతు చేసిన గుండెలకు ఏమి చేయుచున్నదని ప్రశ్నింపవలసి వచ్చినది. ఈ ప్రశ్న నాకు పుస్తకములనుండి తట్టలేదు. తెలుగు పాఠము చెప్పుకొనువానికి వైద్యశాస్త్రముతో పనియేమని పాఠకులు అడుగవచ్చును. నా మిత్రుని మూలమున పని పడినది.

ఆయన ఫిలింనగర్‌లో కాపురమున్నారు. చిత్రపరిశ్రమలో శబ్దగ్రహణ శాఖయందు మూడు దశాబ్దములు పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. కొన్నేండ్ల క్రిందట గుండెపోటు వచ్చి, బ్రతికి బయటపడినారు. కాని గుండె కండరములో కొంత భాగము చచ్చి మచ్చ కట్టినది. ఆ మచ్చ చుట్టును విద్యుత్తు దారి తప్పి సుడి తిరుగునని, అపుడు గుండె కొట్టుకొనుటకు బదులు గిలగిల వణకునని, కొద్ది నిమిషములలో ప్రాణము పోవునని వైద్యులు చెప్పి, ఆయన ఎడమ భుజము క్రింద చర్మములో ఒక చిన్న యంత్రమును అమర్చినారు. డీఫిబ్రిలేటర్ అందురు. అది ఎల్లపుడును గుండెను వినుచుండును. లయ తప్పినచో మొదట మెల్లగా సవరింప జూచును. సవరింపబడనిచో ఒక్క విద్యుద్ఘాతము ఇచ్చును.

గత శీతకాలమున ఒక ఉదయము ఆయన కె.బి.ఆర్. పార్కు వెలుపలి బాటపై, రోడ్డు ప్రక్కన, నడచుచుండగా ఆ ఘాతము తగిలినది. ఆ సంగతి ఆయన మాటలలోనే చెప్పుట మేలు: "మాస్టారూ, లోపల్నించి ఎవరో గునపంతో పొడిచినట్టయిందండీ. కింద కూలబడ్డాను. పక్కాయన 'ఏమైందండీ' అని అడుగుతూనే ఉన్నాడు, నాకు నోట మాట లేదు. తర్వాత ఆసుపత్రిలో ఆ మిషను మీద ఏదో పెట్టి, కాగితం తీసి చూపించారు. అచ్చం సౌండ్ ట్రాక్ లాగే ఉందండీ. తాళం ఎక్కడ తప్పిందో, మళ్లీ ఎక్కడ కలిసిందో నాకే కనబడింది. గంటా నిమిషంతో సహా ఉంది."

ఆయన వైద్యుని అడిగిన ప్రశ్న ఒక్కటే. ఆనాడు మంచు, పొగ కలిసి కమ్ముకొని యున్నవి. వాహనములు కదలక నిలిచి యున్నవి. ఈ తాళము తప్పుటకు ఆ గాలి కారణమా? వైద్యుడు నిజాయితీగా బదులు చెప్పినాడట. ఒక్క మనిషికి ఒక్కమారు జరిగినదానికి ఇదే కారణమని చెప్పుట సాధ్యము కాదు. వందలమందికి వేలసార్లు జరిగినదానిని గాలి లెక్కతో పోల్చి చూచినపుడే ఏదైనను తెలియును.

అట్లు పోల్చి చూచినవారు కలరు. ఆ కథ చెప్పుటకు ముందు యంత్రమును కనిపెట్టినవానిని ఒక్కసారి స్మరింపవలెను. మీషెల్ మిరోవ్‌స్కీ పోలండులో పుట్టిన యూదుడు. పదునైదేండ్ల ప్రాయమున, 1939లో, యుద్ధము ముంచుకొని వచ్చినపుడు వార్సా నగరమును విడిచి పారిపోయినవాడు. తన గురువు గుండె లయ తప్పి ఆకస్మికముగా మరణించుట చూచి, ఆ మరణమును ఆపగల యంత్రము శరీరములోనే యుండవలెనని పట్టుబట్టినాడు. పెద్దలైన హృద్రోగ నిపుణులే అది వృథాశ్రమ యన్నారు. 1980 ఫిబ్రవరి 4వ తేదీన అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో మొదటిసారి ఒక రోగికి దానిని అమర్చినారు. ప్రాణము నిలుపుట కొరకు అతడు దానిని చేసినాడు. తరువాత వచ్చినవారు దానికి జ్ఞాపకశక్తిని కూడ చేర్చిరి. లయ తప్పిన ప్రతిసారి తేదీయు, గంటయు, నిమిషమును అది వ్రాసి పెట్టుకొనును. దానితో గుండెకు ఒక దినచర్య ఏర్పడినది.

ఈ దినచర్య ఎంతటి విలువగలదో బాస్టన్ నగరపు పరిశోధకులు గ్రహించినారు. గుండెపోటు వచ్చినవాడు ఆసుపత్రికి చేరిన వేళ వేరు, పోటు మొదలైన వేళ వేరు. మనుష్యుని జ్ఞాపకము నమ్మరానిది. యంత్రము వ్రాసినది నమ్మవచ్చును. 2000వ సంవత్సరమున ప్రకటించిన పరిశోధనలో వారు డీఫిబ్రిలేటర్ గల 100 మంది రోగుల దినచర్యలను నగరపు గాలి లెక్కలతో పోల్చినారు. వారిలో 33 మందికి యంత్రము ఘాతమిచ్చిన సందర్భములున్నవి. వాహనముల పొగనుండి వచ్చు నైట్రోజన్ డయాక్సైడ్ పెరిగిన పిదప ఒకటి రెండు రోజులలో ఆ ఘాతములు ఎక్కువైనట్లు కనబడినది. 2005లో 203 మందితో ఆ పనినే మరల చేసినపుడు మరియొక విషయము తేలినది: అప్పటికి మూడు రోజులలోపల ఒకసారి లయ తప్పియున్నవారికే ఈ ప్రమాదము స్పష్టముగా హెచ్చినది. అనగా గాలి ఒంటరిగా గుండెను కూల్చుట లేదు, ఊగుచున్నదానిని నెట్టుచున్నది.

ఇక్కడనే ఆగి, గాలియే దోషియని తీర్పు చెప్పుట న్యాయము కాదు. కెనడాలోని వాంకూవర్‌లో 2004లోను, అమెరికాలోని అట్లాంటాలో 2007లోను చేసిన పరిశోధనలలో ఇట్టి సంబంధము స్థిరపడలేదు. అట్లాంటాలో చూచినది 518 మందిని, దాదాపు పదేండ్ల కాలమునకు. అది చిన్న లెక్క కాదు. ఎందుచేత భేదించినవి? కొందరు ఆ రోజు మొత్తపు సగటు గాలిని చూచినారు, కొందరు ఘాతమునకు ముందు గంటలను చూచినారు. నగరమంతటికి ఒకచోట కొలిచిన గాలి రోగి పీల్చిన గాలి కాకపోవచ్చును. నాకు ఈ చివరి మాటయే ముఖ్యముగా తోచుచున్నది. దానికి మరల వచ్చెదను.

గంటల లెక్కన చూచిన పరిశోధనలలో 2013 నాటిది చెప్పుకోదగినది. అదియు బాస్టన్‌దే. 176 మంది రోగులు. గుండె పై గదులు లయ తప్పి కొట్టుకొను జబ్బు, అనగా పక్షవాతమునకు దారితీయగల ఏట్రియల్ ఫిబ్రిలేషన్, వారికి ఎప్పుడు వచ్చినదో యంత్రము చెప్పినది. దానికి ముందు రెండు గంటలలో గాలిలోని సన్నధూళి ఘనపు మీటరునకు 6 మైక్రోగ్రాములు పెరిగినపుడెల్ల ఆ జబ్బు వచ్చు సంభావ్యత 26 శాతము పెరిగినది. కాలవ్యవధి రెండే రెండు గంటలు! ఇక 2022లో ఇటలీలోని పియాచెంజా పట్టణమునుండి వచ్చినది. యూరపులో మిక్కిలి చెడిన గాలి గల పో నదీ మైదానములోనిది ఆ ఊరు. 146 మంది రోగులలో సన్నధూళి ఒక్క మైక్రోగ్రాము పెరిగిన దినమున ప్రాణాంతకమైన లయభంగము 1.5 శాతము హెచ్చినది. వారమంతయు అట్లే నిలిచినచో 2.4 శాతము.

ఒకటిన్నర శాతమన్న ఎంత యని పెదవి విరువవచ్చును. ఒక్క మనిషికి అది స్వల్పమే. కాని ఆ స్వల్పము నగరమంతటికిని ఒకేమారు చెందును. 2011లో లాన్సెట్ పత్రికలో గుండెపోటును రేపు కారణములన్నిటిని వరుసపెట్టి చూచినవారు ఇదే మాట చెప్పినారు: కోపము, అతిశ్రమ, మాదకద్రవ్యము మనిషికి ఎక్కువ హాని చేయును, కాని అవి కొందరికే, ఎప్పుడో తగులును, వాహనముల రద్దీ, దాని పొగ అందరికి తగులును గనుక మొత్తము మీద దానివాటాయే పెద్దది.

ఈ సన్నధూళిని శాస్త్రజ్ఞులు పి.ఎం. 2.5 అందురు. తలవెంట్రుక మందములో దాదాపు ముప్పదవ వంతు. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని శ్లేష్మము దానిని ఆపలేవు. అది ఊపిరితిత్తుల అట్టడుగు గదులకు పోవును. అక్కడినుండి గుండెకు చేరు దారులు రెండు మూడు. ఊపిరితిత్తులలో పుట్టిన వాపు రక్తములోనికి ప్రాకును. మిక్కిలి సన్నని రేణువులు స్వయముగా రక్తములో కలియును. వీటికంటె త్వరితమైనది నరముల దారి. గుండెను పరుగెత్తించు పగ్గమొకటి, నిదానింపజేయు పగ్గమొకటి మన దేహములో కలవు; చెడుగాలి పీల్చిన కొద్దిసేపటిలోనే నిదానింపజేయు పగ్గము సడలును. ఆరోగ్యవంతునకు ఇది తెలియనైన తెలియదు. మచ్చ కట్టిన గుండె ఎండిన గడ్డివాము వంటిది. దానికి నిప్పురవ్వ చాలును.

ఇక మన కొండ సంగతి. భారత ప్రభుత్వము 2009లో నిర్ణయించిన హద్దు ప్రకారము పి.ఎం. 2.5 ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో నిర్ణయించిన హద్దు 5. ఇటీవలి ఏండ్లలో హైదరాబాదు సగటు ఆ 40 అను గీతకు కాస్త అటు ఇటుగా తారాడుచున్నది. ఢిల్లీతో పోల్చుకొని మనము సంతోషించుట కలదు. పొరుగువాని ఇల్లు తగులబడుచుండగా మన వంటింటి పొగ తక్కువేయని సంతోషించుట వంటిదే యది.

మన గాలిని కొలిచిన పరిశోధనలు లేకపోలేదు. 2005, 2006 సంవత్సరములలో పంజాగుట్ట, చిక్కడపల్లి, కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంతములలో ధూళిని పట్టి పరీక్షించినవారు సన్నధూళిలో పెద్దవాటా వాహనములదేనని తేల్చినారు. పంజాగుట్ట బంజారా హిల్స్ పాదమున నున్నదే. నగరమునకు దక్షిణమున రంగారెడ్డి జిల్లాలోని 28 గ్రామములలో జరిగిన పరిశోధన మరియు విలువైనది. అక్కడ 3,372 మందిని పరీక్షించి, వారు నివసించు తావుల సన్నధూళి సగటు 32.7 మైక్రోగ్రాములుగా లెక్కించి, ధూళి ఎక్కువైన తావులవారికి మెడలోని రక్తనాళపు గోడ దళసరియైనట్లు కనుగొన్నారు. రాబోవు గుండెజబ్బునకు అది తొలి గుర్తు. పల్లెల సంగతియే ఇట్లున్నది.

బంజారా హిల్స్, జూబిలీ హిల్స్ వీధులు ఇండ్ల కొరకు వేసినవి; ఐ.టి. కార్యాలయముల రద్దీని మోయుటకు వేసినవి కావు. ఎత్తుపల్లముల దారి గనుక బండి ప్రతి మలుపునందు గేరు మార్చి, ఎత్తు ఎక్కునపుడు రెట్టింపు పొగ వదలును. 2019లో మెట్రో రైలు జూబిలీ హిల్స్ చెక్‌పోస్టు, పెద్దమ్మగుడి మీదుగా హైటెక్ సిటీకి చేరినది. 2020లో దుర్గం చెరువుపై వంతెన వచ్చినది. రెండవది వచ్చిన వెంటనే 45వ నంబరు రోడ్డుపై బండ్లు పెరిగినవని ఆ దారిని పోవువారందరు ఎరుగుదురు. దారి వెడల్పయిన కొలది బండ్లు పెరుగుట లోకసహజము.

ఇందులో కె.బి.ఆర్. పార్కుది వింత పాత్ర. 1998లో జాతీయ వనముగా ప్రకటింపబడిన ఆ అడవిముక్క చుట్టును ఉదయము వేలమంది నడచుదురు. వారిలో గుండెజబ్బు కలవారు తక్కువ కాదు. నడవుమని చెప్పినది వైద్యులే. కాని శీతకాలపు ఉదయమున నేల చల్లబడి, చల్లని గాలి అడుగున చిక్కుకొని, పైన వెచ్చని గాలి మూతవలె నిలుచును. రాత్రి నుండి పేరుకొన్న పొగకు ప్రొద్దుటి రద్దీ తోడగును. ఎండ వచ్చి మూత తొలగువరకు ఆ పొగ ఎటును పోదు. అడవి లోపలి బాట కొంత మేలు. వెలుపలి బాట రోడ్డును ఒరసికొని పోవును. ఆరోగ్యము కొరకు మన మిత్రుడు ఎన్నుకొన్న వేళయు, తావును ఆయనకు చెరుపే చేయగలవన్నమాట.

2016లో ఆ పార్కు చుట్టును ఫ్లైఓవర్లు కట్టుటకు చెట్లు కొట్టుదురని తెలిసి పౌరులు వీధికెక్కినారు. 2024లో అదే చోట ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు మరల తలపెట్టబడినవి. బండ్లు ఆగక పోయినచో పొగ తగ్గునని ఒక వాదము. బండ్లే పెరుగునని మరియొక వాదము. నేను రెండవ వాదము వైపు మొగ్గుదును. అయినను నా మాట ఋజువు కాదు. కట్టుటకు ముందు ఒక ఏడాది, కట్టిన తరువాత ఒక ఏడాది ఆ కూడళ్ల గాలిని గంటగంటకు కొలిచి ప్రకటింపుడని అడుగుటకు మాత్రము రెండు వాదములవారికిని హక్కు కలదు.

ఇందాక మరల వచ్చెదనన్న మాట ఇదే. మన దేశములో జాతీయ పథకము క్రింద చేతితో కొలుచు కేంద్రములలో గాలిని వారమునకు రెండు రోజులు, ఇరువదినాలుగు గంటల చొప్పున కొలుచుదురు. ఏడాదికి 104 కొలతలు. మండలి ప్రకటించు పట్టికలలో జూబిలీ హిల్స్, కె.బి.ఆర్. పార్కు పేర్లు అట్టి కేంద్రములుగా కనబడుచు వచ్చినవి. గంటగంటకు యంత్రముతో కొలుచు కేంద్రములు సనత్‌నగర్, జూపార్కు, సోమాజిగూడ మొదలగు చోట్ల కలవు. గుండె రెండు గంటలలో చలించుచుండగా గాలిని వారమునకు రెండు దినములు కొలిచి సగటు తీసిన లెక్క ఎందుకు పనికివచ్చును? ఏడాది హద్దు దాటినామా లేదా యని చెప్పుటకు పనికివచ్చును. ఆనాటి ఉదయము ఆ కూడలిలో ఏమి జరిగినదో చెప్పుటకు పనికిరాదు. గుండె తన దినచర్యను నిమిషము తప్పక వ్రాసికొనుచున్నది. గాలి దినచర్యలో వారమునకు అయిదు పుటలు ఖాళీగా నున్నవి.

ఇది సరిచేయరాని లోపము కాదు. ఈ కొండ చుట్టును నిమ్స్, అపోలో, కేర్ వంటి పెద్ద ఆసుపత్రులున్నవి. డీఫిబ్రిలేటర్ రోగులు ఏడాదికి కొన్నిమారులైనను వచ్చి తమ యంత్రములను చదివించుకొందురు. ఆ చదివిన కాగితములు పేర్లు తొలగించి ఒకచోట చేర్చి, రోగులు నివసించు తావులలో గంటగంటకు గాలిని కొలిచినచో, బాస్టన్‌లో 100 మందితో జరిగిన పని హైదరాబాదులో జరుగలేకపోదు. అక్కడి గాలి మన గాలికంటె ఎన్నో రెట్లు శుభ్రము. వారి శాతములను తెచ్చి మన ధూళితో హెచ్చవేసి భయపెట్టుట శాస్త్రము కాదు. ధూళి మిక్కిలి హెచ్చినచోట ఒక్కొక్క మైక్రోగ్రాము చేయు చేటు తగ్గవచ్చును, తగ్గకపోవచ్చును. మన లెక్క మనమే వేసికొనవలెను.

డబ్బు లేదందురా? 2019లో కేంద్రము ప్రారంభించిన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమములో హైదరాబాదు పేరు కలదు. ఆ పథకము క్రింద దేశములో వ్యయమైన ధనములో మూడింట రెండు వంతులకు దగ్గరగా రోడ్డు దుమ్ము అణచుటకే పోయినదని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో తేల్చినది. రోడ్లు ఊడ్చు యంత్రములు, నీళ్లు చల్లు బండ్లు కంటికి కనబడును. ఫోటో దిగుటకు బాగుండును. గుండెను తాకు సన్నధూళి కంటికి కనబడదు, నీళ్లకు అణగదు. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము విద్యుద్వాహనములకు 2026 చివరివరకు రోడ్డు పన్ను మినహాయించుట సరియైన దారిలో పడిన అడుగు. కాని విద్యుత్ కారైనను రోడ్డుపై కారే. మెట్రో దిగినవాడు కొండ ఎక్కుటకు చిన్న బస్సు దొరకునా యన్నది అంతకంటె పెద్ద ప్రశ్న.

మరియొక మాట. డీఫిబ్రిలేటర్ ఖరీదు లక్షలలో నుండును. అది గలవాడు లయ తప్పినను బ్రతుకును, కాగితమును తెచ్చి మనకు చూపును. చెక్‌పోస్టు కూడలిలో ఎనిమిది గంటలు నిలుచు కానిస్టేబులునకు, ఫిలింనగర్ బస్తీనుండి తెల్లవారుజామున సెట్టుపనికి పోవు కూలికి, ఆటో నడుపువానికి అట్టి యంత్రము లేదు. వారి గుండె లయ తప్పినపుడు గంటయు నిమిషమును వ్రాసిపెట్టునది ఏదియు లేదు. గుండె ఆగినదని మాత్రము వ్రాయుదురు. యంత్రము గలవారి దినచర్యలు మనము చదువవలసినది వారికొరకు కూడ.

మిత్రుడు తన నడక వేళ మార్చుకొన్నారు. వైద్యుని సలహాపై శీతకాలమున ఎండ ఎక్కిన తరువాత, రోడ్డు ప్రక్క గాక వనము లోపలి బాటపై నడచుచున్నారు. మంచు కమ్మిన దినమున ఇంటిలోనే నాలుగు గోడల నడుమ తిరుగుచున్నారు. తప్పనిసరిగా రోడ్డు మీదికి పోవలసినపుడు ముఖమునకు ఎన్ 95 మాస్కు కట్టుచున్నారు. మందులు మానలేదు. ఇవి ఆయన చేయగలిగినవి. మొన్న వారి ఇంటికి పోయినపుడు గోడ కేలెండరుపై ప్రతి తేదీ క్రింద సన్నని అంకె ఒకటి వ్రాసి కనబడినది. ఏమండీ ఇది యని అడిగితిని.

"సోమాజిగూడ అంకె మాస్టారూ, ప్రొద్దున ఏడింటిది. ఇక్కడిది దొరకదుగా. మళ్లీ ఆసుపత్రికి వెళ్లినప్పుడు వాళ్లిచ్చే కాగితం పక్కన దీన్ని పెట్టి చూస్తాను."